అడవుల గ్రాఫు కింద మూడో గీత గీయండి: భూగోళశాస్త్ర పాఠ్యపుస్తక రచయితలకు, ప్రశ్నపత్రాలు కూర్చేవారికి బహిరంగ లేఖ

భూగోళశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, ప్రశ్నపత్రాలు కూర్చే తోటి అధ్యాపకులకు,

నమస్కారం.

మన పుస్తకాల్లోనూ పరీక్షల్లోనూ తరచూ కనబడే ఒక ప్రశ్న గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండు దేశాల పేర్లు ఇస్తాం. 1990 నుంచి 2020 దాకా పదేళ్లకో అంకె ఇస్తాం. పక్కన ఒక గ్రాఫు వేస్తాం. అందులో ఒక గీత కిందికి దిగుతుంది, మరొకటి పైకి ఎక్కుతుంది. 'ఈ రెండు దేశాల అటవీ విస్తీర్ణంలో వచ్చిన మార్పును పోల్చండి' అని అడుగుతాం. దిగే గీతకు బ్రెజిల్, ఎక్కే గీతకు చైనా అన్నది ఈ ప్రశ్నకు బాగా అలవాటైన జోడీ. పిల్లలు తప్పేమీ రాయరు. బ్రెజిల్‌లో తగ్గింది, చైనాలో పెరిగింది అంటారు. కాస్త చురుకైనవాళ్లు శాతాలు కట్టి ఇంకో వాక్యం చేరుస్తారు: చైనా తన అడవులను కాపాడుకుంది, బ్రెజిల్ నాశనం చేసుకుంది అని. మనం సంతోషంగా పూర్తి మార్కులు వేస్తాం.

నా అభ్యంతరం ఆ చివరి వాక్యం మీద. ఆ గ్రాఫు ఒక్కటే చూసి ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. పిల్లలకు ఆ హక్కు ఉందని నమ్మిస్తున్నది మనమే. రెండు గీతలూ దేని దారిన అది నడిచినట్టు గీస్తున్నాం. ఒకటి దిగడానికీ ఇంకొకటి ఎక్కడానికీ నడుమ ఏళ్ల తరబడి ఓడలు నడుస్తున్నాయి. ఆ ఓడల్లో ఏముందో చెప్పకుండా రెండు దేశాలను పక్కపక్కన నిలబెట్టి ఒకరిని మెచ్చుకోవడం, ఒకరిని తిట్టడం నేర్పుతున్నాం. పదిహేనేళ్ల వయసులో ఒక దేశం గురించి ఏర్పడిన అభిప్రాయం తేలిగ్గా పోదు. అందుకే ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు.

ముందు అంకెలే చూద్దాం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అయిదేళ్లకోసారి ప్రపంచ అటవీ వనరుల మదింపు వెలువరిస్తుంది. దాని 2020 సంచిక ప్రకారం 1990లో బ్రెజిల్ అటవీ విస్తీర్ణం సుమారు 58.9 కోట్ల హెక్టార్లు. 2000లో అది 55.1 కోట్లు, 2010లో 51.2 కోట్లు, 2020లో 49.7 కోట్లు. చైనాకు అవే సంవత్సరాల్లో వరసగా 15.7 కోట్లు, 17.7 కోట్లు, 20.1 కోట్లు, 22 కోట్లు. అంటే ముప్పై ఏళ్లలో బ్రెజిల్ 9 కోట్ల హెక్టార్లకు పైగా పోగొట్టుకుంది, చైనా 6 కోట్లకు పైగా సంపాదించుకుంది. ఈ అంకెలతో నాకు పేచీ లేదు. వాటిని చదివించే తీరుతోనే.

ఒకే పట్టికలోంచి ఎన్ని కథలు చెప్పవచ్చో చూడండి. హెక్టార్లలో చెబితే బ్రెజిల్ నష్టం చైనా లాభం కన్నా పెద్దది. శాతాల్లో చెబితే చైనాలో పెరుగుదల 40 శాతం, బ్రెజిల్‌లో తగ్గుదల 16 శాతానికి లోపే. దేశం నేలలో అడవి వాటా చూస్తే, ఇంత పోగొట్టుకున్నాక కూడా బ్రెజిల్‌లో అయిదింట మూడు వంతుల నేల అడవే. ఇంత సంపాదించుకున్నాక కూడా చైనాలో అది నాలుగో వంతుకు చేరలేదు. 2020 జనాభాతో భాగిస్తే బ్రెజిల్‌లో మనిషికి రెండు హెక్టార్లకు పైగా అడవి ఉంటే, చైనాలో హెక్టారులో ఆరో వంతు కూడా లేదు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. మనం మాత్రం పిల్లల చేతికి ఒకే కొలత ఇచ్చి, దానితో వచ్చేదే జవాబు అంటున్నాం.

గ్రాఫు మొదలయ్యే సంవత్సరం సంగతి మరీ అన్యాయం. 1990కి ముందు చైనాలో అడవులు లేవా? ఉన్నాయి. సేద్యానికీ, ఇళ్లకూ, వంటచెరకుకూ, లోహాలు కరిగించడానికీ వేల ఏళ్లుగా నరుకుతూ వచ్చారు. మన గ్రాఫు మొదలయ్యేసరికి అక్కడ పోవలసింది చాలావరకు పోయింది, గీత ఎక్కడం మొదలైంది. బ్రెజిల్‌లో అమెజాన్‌ను పెద్ద ఎత్తున నరకడం 1970ల్లో, అడవి మధ్యనుంచి రహదారులు వేశాక ఊపందుకుంది. మన గ్రాఫు సరిగ్గా ఆ నరికివేత నడిమధ్యన తెరుచుకుంటుంది. ఒక దేశపు పాత చరిత్రను తెర వెనక దాచి, ఇంకో దేశపు ఇటీవలి చరిత్రను మాత్రం వెలుతురులో పెట్టినట్టయింది. అదే బ్రెజిల్ తూర్పు తీరంలో అట్లాంటిక్ అడవి ఉంది. ఒకప్పుడు 13 కోట్ల హెక్టార్ల మేర పరచుకున్న ఆ అడవిలో ఎక్కువ భాగం చెరకుకూ కాఫీకీ నగరాలకూ ఎప్పుడో పోయింది. అదీ ఈ గ్రాఫులో కనబడదు. ఎవరి పాపమైనా 1990కి ముందుదైతే లెక్కలోకి రాదన్నమాట.

ఇక అడవి అని దేన్ని అంటున్నాం? ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనం ప్రకారం అర హెక్టారుకు మించిన నేల, అయిదు మీటర్లకు మించి ఎదిగిన చెట్లు, నేలలో పది శాతానికి మించి చెట్ల నీడ ఉంటే అది అడవి. చెట్లు ఇంకా ఆ ఎత్తుకు ఎదగకపోయినా, ఎదగగలిగినవైతే చాలు. రబ్బరు తోటలు ఇందులోకి వస్తాయి. ఆయిల్‌పామ్ తోటలు, పండ్ల తోటలు రావు. కలప కోసం నరికేసిన నేల కూడా, మళ్లీ చెట్లు పెంచబోతున్నట్టయితే, అడవిగానే లెక్క. అందుకే కెనడాలో 2023లో దాదాపు కోటిన్నర హెక్టార్లు కార్చిచ్చుకు కాలిపోయినా, అటవీ విస్తీర్ణం పట్టికలో ఆ దేశం గీత దాదాపు బల్లపరుపుగానే ఉంటుంది. కాలిన చోట మళ్లీ అడవే వస్తుంది కాబట్టి అది అడవి కాకుండా పోలేదని లెక్క. అదే ఏడాది ఉపగ్రహ చిత్రాల నుంచి చెట్ల కప్పును కొలిచేవాళ్ల లెక్కలో అది ఘోరమైన నష్టం. రెండు లెక్కలూ సరైనవే. కొలుస్తున్నవి వేరువేరు. ఒక దేశం అంకెను ఒక లెక్క నుంచి, ఇంకో దేశం అంకెను మరో లెక్క నుంచి తెచ్చి ఒకే గ్రాఫులో పెట్టిన పుస్తకాలు నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

నిర్వచనాలు మధ్యలో మారిపోవడమూ ఉంది. చైనా తన జాతీయ గణనలో అడవికి కావలసిన కనీస నీడను 1990ల మధ్యలో 30 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. అలాంటి సంవత్సరం మీదుగా గీసిన గీతలో కొత్తగా నాటిన చెట్లెన్ని, కొత్తగా అడవి అని పేరు పెట్టిన నేల ఎంత అని విడదీసి అడగాలి.

సంచికల మధ్య పోలిక ఇంకో ఉచ్చు. 2020 సంచిక ప్రపంచ అటవీ విస్తీర్ణం 406 కోట్ల హెక్టార్లంది. 2025 సంచిక 414 కోట్లంది. పిల్లవాడు ఈ రెండూ పక్కపక్కన చూస్తే అయిదేళ్లలో ప్రపంచంలో అడవి 8 కోట్ల హెక్టార్లు పెరిగిందని రాస్తాడు. అదే 2025 సంచిక, 2015 తర్వాత ఏటా సగటున 41 లక్షల హెక్టార్ల నికర నష్టం జరిగిందని చెబుతోంది. పెరిగినట్టు కనిపించింది అడవి కాదు. దేశాలు పంపిన సమాచారం మెరుగుపడి పాత సంవత్సరాల అంకెలు కూడా సవరించుకున్నారు, అంతే. కాబట్టి మార్పు చూపాలంటే ఒకే సంచికలోని వరస మొత్తం తీసుకోవాలి. ఏ సంచికో గ్రాఫు కిందే రాయాలి.

ఇప్పుడు బ్రెజిల్ గీత దగ్గర కాసేపు ఆగుతాను. మన గ్రాఫు వల్ల అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే.

విస్తీర్ణం గీత ఎప్పుడూ మిగిలినదాన్నే చూపుతుంది, పోయే వేగాన్ని చూపదు. చిల్లుకుండలో చిల్లు మూడొంతులు పూడ్చినా నీటిమట్టం దిగుతూనే ఉంటుంది. దూరం నుంచి చూసేవాడికి పూడ్చిన సంగతి తెలియదు. బ్రెజిల్ విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది. పై పట్టికలోనే చూడండి: 2000 నుంచి 2010 దాకా పోయింది 3.9 కోట్ల హెక్టార్లు, తర్వాతి పదేళ్లలో 1.5 కోట్లు. వేగం సగానికన్నా తక్కువకు పడిపోయింది. అంకెలు పక్కపక్కనే ఉన్నా ఈ తీసివేత చేయమని మనం అడగం. దిగింది, దిగింది, ఇంకా దిగింది అనిపించి ఊరుకుంటాం.

ఆ వేగం ఎలా తగ్గిందన్నది పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయానికి సరిపడే కథ. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధనా సంస్థ ఇన్పే 1988 నుంచి ప్రోదెస్ అనే పథకం కింద అమెజాన్‌లో ఏటా ఎంత అడవి పూర్తిగా నరికేశారో ఉపగ్రహ చిత్రాలతో కొలుస్తోంది. వాళ్ల ఏడాది ఆగస్టులో మొదలై జులైతో ముగుస్తుంది. 1995లో ఆ అంకె 29,059 చదరపు కిలోమీటర్లు, 2004లో 27,772. మారినా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉన్న ఆ 2004లోనే నరికివేతను అరికట్టే జాతీయ ప్రణాళిక మొదలైంది. ఆవిడ ఆక్రి రాష్ట్రంలో రబ్బరు పాలు గీసే కుటుంబంలో పుట్టిన మనిషి. అడవి కోసం నిలబడి 1988 డిసెంబరులో హత్యకు గురైన చికో మెండెస్‌తో కలిసి పనిచేసిన మనిషి. నరికివేత జరుగుతుండగానే హెచ్చరించే దెతెర్ అనే ఉపగ్రహ వ్యవస్థ కూడా 2004లోనే వచ్చింది. తనిఖీ అధికారులు ఏడాది చివర నివేదిక కోసం ఎదురుచూడకుండా హెచ్చరిక అందగానే ఆ చోటికి వెళ్లగలిగారు. అమెజాన్‌లో కొత్తగా నరికిన నేలలో పండిన సోయా కొనబోమని పెద్ద వ్యాపార సంస్థలు 2006లో ఒప్పుకున్నాయి. 2008 నుంచి పర్యావరణ చట్టాలు పాటించినట్టు కాగితాలు చూపనివారికి అమెజాన్ ప్రాంతంలో వ్యవసాయ రుణాలు ఇవ్వకూడదన్నారు. కొత్త రక్షిత ప్రాంతాలు ఏర్పడ్డాయి, మూలవాసుల భూములకు హద్దులు గీశారు. 2012 నాటికి ఏటా నరికివేత 4,571 చదరపు కిలోమీటర్లకు దిగింది. ఎనిమిదేళ్లలో 83 శాతానికి పైగా తగ్గుదల!

ఇంత పెద్ద విజయం జరిగిన కాలంలో మన గ్రాఫులో బ్రెజిల్ గీత దిగుతూనే ఉంది. మన పిల్లలు అప్పుడూ 'నాశనం' అనే రాశారు.

ఆ విజయం నిలిచిందా అంటే నిలవలేదు. నిఘా బలహీనపడింది, నరికినవాళ్లకు శిక్షలు తగ్గాయి, రాజకీయాలు మారాయి. 2019లో నరికివేత పెరుగుతోందని ఇన్పే అంకెలు చూపినప్పుడు, అవి అబద్ధాలని అప్పటి అధ్యక్షుడు బోల్సొనారో అన్నాడు. సంస్థ డైరెక్టరు రికార్డో గాల్వావ్ తన శాస్త్రవేత్తల పక్షాన బహిరంగంగా నిలబడ్డాడు, పదవి పోగొట్టుకున్నాడు. 2021లో నరికివేత 13,038 చదరపు కిలోమీటర్లకు చేరింది. 2023లో మారినా సిల్వా మళ్లీ మంత్రి అయ్యారు. 2024లో అది సుమారు 6,300కు తగ్గింది. ఈ ఎక్కుదిగుళ్లు పిల్లలకు తెలియాలి. అడవి పోవడం విధి రాత కాదని, రుణం నిబంధన ఒకటి మారితే, ఉపగ్రహ హెచ్చరిక ఒకటి సమయానికి అందితే అంకె మారుతుందని వాళ్లకు తెలిసేది ఇక్కడే. మనం చూపే వంపు లేని గీతలో ఇదంతా చచ్చిపోతోంది. ఒక అంకె నిజమని చెప్పినందుకు ఒక మనిషి ఉద్యోగం పోయిందని తెలిస్తే పిల్లలు ఆ అంకెను చూసే చూపే మారుతుందని నా నమ్మకం.

ప్రోదెస్‌కూ హద్దులున్నాయి. అది చెప్పేది అమెజాన్ గురించి, అందులోనూ 6.25 హెక్టార్లకు మించి పూర్తిగా నరికేసిన తావుల గురించి. మంటలకూ దొంగ నరుకుళ్లకూ పలచబడిన అడవి ఆ అంకెలోకి రాదు. దక్షిణాన సెరాడో అనే సవానా ప్రాంతం ఉంది. చెట్లూ గడ్డీ కలిసి ఉండే ఆ నేలలో దాదాపు సగం ఇప్పటికే పొలాలు, పచ్చిక మేతలు అయిపోయింది. అమెజాన్‌లో కట్టడి పెరిగిన ఏళ్లలో కూడా అక్కడ సోయా విస్తరిస్తూనే వచ్చింది. సోయా కొనబోమన్న ఒప్పందం అమెజాన్ హద్దు దాటి పనిచేయలేదు.

చైనా గీతకూ ఇంత ఓపిక ఇవ్వాలి. అక్కడ జరిగింది నిజమైన పనే. 1998లో యాంగ్‌ట్సీ పరీవాహకంలో వచ్చిన వరదల్లో వేలమంది చనిపోయారు. ఎగువన కొండలు బోడిగా మారడం కూడా ఒక కారణమని గుర్తించి, ఆ ఏడే సహజ అడవుల్లో నరుకుడుకు కళ్లెం వేశారు. మరుసటి ఏడు, ఏటవాలు కొండపొలాల్లో సాగు మాని చెట్లు పెంచే రైతులకు ధాన్యమూ డబ్బూ ఇచ్చే పథకం మొదలైంది. ఉత్తరాన ఎడారి అంచున చెట్ల వరసలు పెంచే పని 1978 నుంచే సాగుతోంది. కోట్లమంది రైతులు పాల్గొన్న ఈ పనిని తక్కువ చేసి మాట్లాడను. ఉత్తర చైనాలోని లోయెస్ పీఠభూమిలో నేల కోత తగ్గి పసుపు నదిలోకి చేరే మట్టి బాగా తగ్గిందంటే అందులో ఈ చెట్లకూ వాటా ఉంది. కొండవాలున మెట్ల సాగుకూ, ఒండ్రు ఆపే కట్టలకూ వాటా ఉంది.

అయినా పెరిగింది ఏమిటని అడగాలి. 2020లో చైనా అటవీ విస్తీర్ణం 22 కోట్ల హెక్టార్లలో దాదాపు 8.5 కోట్లు మనుషులు నాటినవి. బ్రెజిల్‌లో నాటినవి సుమారు కోటి హెక్టార్లు, మిగిలిందంతా తనంతట తాను మొలిచిన అడవి. చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో ఒక ప్రాంతాన్ని పరిశోధకులు దగ్గరగా చూస్తే 2000 నుంచి 2015 మధ్య చెట్ల కప్పు 32 శాతం పెరిగింది. ఆ పెరుగుదలంతా పొలాల్లో వేసిన తోటలది, ఎక్కువగా ఒకే జాతి చెట్లది. అదే కాలంలో అక్కడి సహజమైన అడవి 6.6 శాతం తగ్గింది. మొత్తం అంకె పెరిగింది, అసలు అడవి తరిగింది. అదే రాష్ట్రంలో పక్షులనూ తేనెటీగలనూ లెక్కపెట్టినవాళ్లు, ఒకే జాతి చెట్లు నాటిన చోట పక్షుల వైవిధ్యం అంతకుముందున్న పొలాల్లోకన్నా తక్కువగా ఉందని గమనించారు. తేనెటీగల నష్టం మరీ పెద్దది. రకరకాల చెట్లు కలిపి పెంచిన చోట పక్షులకు కొంత మేలు జరిగింది. మన పట్టికలో 9 కోట్ల హెక్టార్ల నష్టం పక్కన 6 కోట్ల హెక్టార్ల లాభం రాసినప్పుడు, ఒక హెక్టారు ఇంకో హెక్టారుకు సమానమని పిల్లలకు చెప్పకనే చెబుతున్నాం. వందల ఏళ్ల అమెజాన్ హెక్టారూ, వరసల్లో నాటిన నీలగిరి తోట హెక్టారూ పట్టికలో సమానం. బొగ్గుపులుసు వాయువు లెక్కలోనూ, నీటి లెక్కలోనూ, అందులో బతికే ప్రాణుల లెక్కలోనూ సమానం కావు.

ఇక ఓడల సంగతి. ఈ ఉత్తరం అసలు దీనికోసమే.

1990ల మొదట్లో చైనా తనకు కావలసిన సోయాను చాలావరకు తానే పండించుకునేది. జనం చేతిలో డబ్బు పెరిగి, మాంసం తినడం పెరిగి, పందులకూ కోళ్లకూ దాణా అవసరం పెరిగింది. బియ్యం, గోధుమల విషయంలో ఎవరిమీదా ఆధారపడకూడదని ఆ దేశం సాగునేల 12 కోట్ల హెక్టార్లకు తగ్గకూడదని గట్టి హద్దు పెట్టుకుంది. సోయాను మాత్రం బయటినుంచి తెచ్చుకోవడానికి తలుపులు తెరిచింది. 2023లో చైనా దిగుమతి చేసుకున్న సోయా సుమారు 9.9 కోట్ల టన్నులు. అందులో దాదాపు 7 కోట్ల టన్నులు బ్రెజిల్ నుంచే వచ్చాయి.

దీన్ని హెక్టార్లలోకి మార్చడం పదో తరగతి పిల్లలు చేయగల లెక్క. బ్రెజిల్‌లో హెక్టారుకు సుమారు 3.5 టన్నుల సోయా పండుతుంది. 7 కోట్ల టన్నులకు 2 కోట్ల హెక్టార్లు కావాలి. అంటే చైనా అవసరం కోసం బ్రెజిల్ నేలలో 2 కోట్ల హెక్టార్లు ఒక్క సోయాకే పనిచేస్తున్నాయి. రెండో పక్కనుంచి చూద్దాం. చైనాలో సోయా దిగుబడి హెక్టారుకు సుమారు 2 టన్నులు. దిగుమతి చేసుకున్న 9.9 కోట్ల టన్నులనూ సొంత నేలలో పండించుకోవలసి వస్తే దాదాపు 5 కోట్ల హెక్టార్లు కావాలి. ముప్పై ఏళ్లలో చైనాలో పెరిగిన అడవి ఎంత? 6.3 కోట్ల హెక్టార్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

కలప సంగతీ అంతే. సొంత సహజ అడవుల్లో గొడ్డలి ఆపిన దేశంలో ఇళ్లు కట్టడం ఆగలేదు, కుర్చీలూ బల్లలూ చేయడం ఆగలేదు. చైనా ప్రపంచంలోకెల్లా ఎక్కువగా దుంగలు దిగుమతి చేసుకునే దేశం అయింది. రష్యా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల నుంచి కలప వచ్చింది. ఇది చైనా ఒక్కదాని కథ కూడా కాదు. వియత్నాం 1990ల నుంచి తన అడవిని తిరిగి పెంచుకున్న దేశంగా పేరు తెచ్చుకుంది. 1987 నుంచి 2006 దాకా అక్కడ తిరిగి పెరిగిన అడవిలో సుమారు 39 శాతానికి సరిపడా నరుకుడు వేరే దేశాల అడవులకు మళ్లిందని 2009లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది.

తొందరపడి ఈ లెక్కను అవతలి వైపుకు తిప్పి, అయితే తప్పంతా చైనాదే అని పిల్లలకు నేర్పితే మళ్లీ అదే అన్యాయం. బ్రెజిల్ సోయా పొలాలన్నీ నిన్న మొన్న అడవి నరికి వేసినవి కావు. చాలావరకు దక్షిణాది పాత సాగునేలలు, సెరాడో, పాత మేతభూములు. అమెజాన్‌లో నరికిన నేల ఎక్కువగా పశువుల మేతకు పోతోంది. ఆ మాంసంలో పెద్ద భాగం బ్రెజిల్ ప్రజలే తింటున్నారు. యూరప్ కూడా ఆ సోయాను దశాబ్దాలుగా తన పశువులకు మేపుతోంది. తలసరి మాంసం వినియోగంలో చైనా మనిషి బ్రెజిల్ మనిషికన్నా వెనకే ఉన్నాడు. అడవిని నరికేవాడు, ఆ నేలను ఆక్రమించి అమ్ముకునేవాడు, అప్పిచ్చే బ్యాంకు, గింజ కొనే వ్యాపారి, దాణా కలిపే మిల్లు, మాంసం తినేవాడు అందరూ ఈ గీతలో ఉన్నారు. దేశం పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే వీళ్లెవరూ కనబడరు.

బాగా ఎదిగిన దేశాల్లో ఒక దశ దాటాక అడవి తిరిగి పెరగడం భూగోళశాస్త్రంలో కొత్త సంగతి కాదు. స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ మాథర్ 1990ల మొదట్లోనే దీన్ని ఒక నమూనాగా చెప్పాడు. ఆ నమూనాను మన పుస్తకాల్లో ఆశగా చూపుతున్నాం: బ్రెజిల్ కూడా ఒకనాడు చైనాలా మలుపు తిరుగుతుందని. తిరగాలనే నా కోరికా. అయితే ప్రతి దేశం తన గీతను ఎక్కించుకోవడానికి ఇంకో దేశపు నేల కావాలంటే, చివర మిగిలే దేశం ఎవరి నేల వాడుకోవాలి? ఈ ప్రశ్న పిల్లలు అడగాలని నా ఆశ. మన ప్రశ్నపత్రంలో దానికి చోటు లేదు.

నేను కోరేది గ్రాఫు తీసేయమని కాదు. పోలిక మంచి పని, పిల్లలకు అది రావాలి. వచ్చే ముద్రణలో ఆ గ్రాఫు కింద మూడో గీత ఒకటి గీయండి. అదే కాలంలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లిన సోయా టన్నులు, అదే సంవత్సరాలకు, అదే అడ్డ అక్షం మీద. వేరే దేశాల జోడీ తీసుకుంటే అక్కడ నడిచే సరుకు ఏదైతే అది: కలప, పామాయిల్, మాంసం, కోకో. ఆ జోడీ మధ్య సరుకేమీ నడవకపోతే ఆ మాటే రాయండి, అదీ పిల్లలకు తెలియవలసిందే. అటవీ విస్తీర్ణాన్ని ఒకే రంగులో నింపకుండా సహజమైనదీ నాటినదీ రెండు రంగుల్లో చూపండి. ఆహార వ్యవసాయ సంస్థ ఆ రెండు అంకెలూ విడివిడిగానే ఇస్తుంది, వాటిని కలిపేసేది మనమే. ఏటా నరికిన విస్తీర్ణం దొరికే చోట దానికి వేరే చిన్న గ్రాఫు పెట్టండి. 2004 దగ్గర ఒక గుర్తు, 2012 దగ్గర ఒకటి, 2021 దగ్గర ఒకటి పెట్టి, ఆ సంవత్సరాల్లో ఏం జరిగిందో చదివి రమ్మనండి.

పేజీ చాలదని అంటారని తెలుసు. ఆ అధ్యాయంలో దేశాల రాజధానుల పట్టిక ఉంది. దాన్ని తీసేయండి.

ప్రశ్న మాటలు కూడా మార్చాలి. నా వంతుగా ఒక నమూనా ఇస్తున్నాను, దిద్దుకుని వాడుకోండి: 'పట్టికలోని అంకెల ప్రకారం బ్రెజిల్‌లో ఏ దశాబ్దంలో అటవీ నష్టం వేగం తగ్గింది? చైనాలో పెరిగిన విస్తీర్ణంలో నాటిన అడవి వాటా తెలియాలంటే ఇంకా ఏ సమాచారం కావాలి? మూడో గీత ఆధారంగా ఈ రెండు దేశాల మార్పులకు మధ్య సంబంధం ఉండవచ్చా? ఉందని తేల్చడానికి ఈ గ్రాఫు చాలదని నీకనిపిస్తే, ఎందుకు చాలదో రాయి.' చివరి భాగానికే ఎక్కువ మార్కులు పెట్టండి. జవాబుల సూచికలో ఒకే వాక్యం అచ్చువేసి, దానికి కుదరనివాటికి సున్నా వేయమని దిద్దేవారికి చెప్పకండి. 'సంబంధం ఉంది' అని కారణం చూపి రాసిన పిల్లకూ, 'ఇంత మాత్రానికి చెప్పలేం' అని కారణం చూపి రాసిన పిల్లవాడికీ సమానంగా మార్కులు రావాలి.

పైన రాసిన అంకెల పట్టికలు, సోయా లెక్కతో సహా, తరగతిలో వాడుకునేలా సిద్ధం చేసి పెట్టుకున్నాను. మీలో ఎవరు అడిగినా పంపుతాను. వాటిలో తప్పుంటే చూపండి, దిద్దుతాను. కొత్త ముద్రణకు ముందు ఈ అధ్యాయాన్ని చదివి పెట్టమన్నా సంతోషంగా చదివి పెడతాను.

ఇట్లు,
ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయురాలు